వీడియో మీటింగ్ చరిత్ర: ఫెయిలైన ఒక ఫోన్ మనకి నేర్పే పాఠాలు

"వినపడుతోందా?" "స్క్రీన్ కనపడుతోందా?" "అన్నా, మ్యూట్‌లో ఉన్నావ్." ఈ మూడు మాటలు లేకుండా మీ ఆఫీసులో ఒక్క మీటింగైనా మొదలవుతుందా? గంట కూర్చుంటాం, లేచాక "ఇంతకీ ఏం తేలింది?" అని పక్కవాడికి మెసేజ్ పెడతాం. వాడు "ఏమో బ్రో" అంటాడు.

వీడియో మీటింగ్ అనగానే చాలామందికి 2020, కరోనా, లాక్‌డౌన్ గుర్తొస్తాయి. కానీ దీని వయసు దాదాపు వందేళ్లు. ఈ వందేళ్లలో ఇది పుట్టింది, చచ్చింది, మళ్లీ పుట్టింది. ఎందుకు చచ్చిందో అర్థమైతే, ఇవాళ మన మీటింగులు ఎందుకింత విసుగ్గా ఉంటున్నాయో కూడా అర్థమవుతుంది. ఇవాళ్టి ఎపిసోడ్‌లో ముందు కథ చెప్పుకుందాం. చివర్లో సోమవారం నుంచే వాడుకోగలిగే ఏడు పనులు చెప్పుకుందాం.

మొదటి అడుగు: 1927

1927 ఏప్రిల్ 7. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు ఒక ప్రదర్శన పెట్టారు. అప్పటి వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ వాషింగ్టన్‌లో కూర్చుని మాట్లాడారు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు ఆయన మాట విన్నారు, మొహం కూడా చూశారు. ఈ హూవర్ గారే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యారు. ఇందులో ఒక తిరకాసు ఉంది. న్యూయార్క్ వాళ్లకి ఆయన కనపడ్డారు గానీ, ఆయనకి వాళ్లు కనపడలేదు. అంటే బొమ్మ ఒకవైపే వెళ్లింది. ఇవాళ మేనేజర్ ఒక్కడే కెమెరా ఆన్ చేసి, మిగతా పదిహేను మందీ నల్ల డబ్బాల్లా ఉండే మీటింగ్ ఉంది చూడండి, దానికి మొదటి వెర్షన్ అదే అన్నమాట.

తర్వాత 1936లో జర్మనీ పోస్టల్ శాఖ బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల మధ్య జనం కోసం నిజంగానే వీడియో ఫోన్ సర్వీస్ మొదలుపెట్టింది. మీరు ఈ ఊళ్లో బూత్‌కి వెళ్లాలి, మీ చుట్టం ఆ ఊళ్లో బూత్‌కి రావాలి. అప్పుడు ఒకరినొకరు చూస్తూ మాట్లాడుకోవచ్చు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, 1940లో సర్వీస్ మూతపడింది.

పిక్చర్‌ఫోన్: అందరూ మెచ్చుకున్నారు, ఎవరూ కొనలేదు

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. 1964లో న్యూయార్క్‌లో వరల్డ్స్ ఫెయిర్ జరిగింది. మన ఎగ్జిబిషన్ లాంటిదే, కాకపోతే ప్రపంచ స్థాయిలో. అక్కడ ఏటీ అండ్ టీ కంపెనీ పిక్చర్‌ఫోన్ చూపించింది. న్యూయార్క్ నుంచి అటు చివర కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌కి కాల్. జనం లైన్లు కట్టి చూశారు.

అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో నగరాల్లో పిక్చర్‌ఫోన్ బూత్‌లు పెట్టారు. మూడు నిమిషాల కాల్‌కి దూరాన్ని బట్టి 16 నుంచి 27 డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు. పైగా ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. జనం రాలేదు. కొన్నేళ్లకే ఆ బూత్‌లు మూసేశారు.

కంపెనీ మాత్రం వదల్లేదు. "ఇంటికో, ఆఫీస్ టేబుల్ మీదికో తెచ్చిపెడితే జనం వాడతారు" అనుకుంది. 1970 జూన్ 30న పిట్స్‌బర్గ్‌లో ఆఫీసుల కోసం సర్వీస్ మొదలైంది. నగర మేయర్ పీటర్ ఫ్లాహెర్టీ, ఆల్కోవా కంపెనీ అధిపతికి మొదటి కాల్ చేశారు. నెలకి 160 డాలర్ల అద్దె. అందులో 30 నిమిషాలు ఫ్రీ, ఆ పైన నిమిషానికి 25 సెంట్లు. 1980 నాటికి పది లక్షల సెట్లు నడుస్తాయని కంపెనీ లెక్క వేసుకుంది. పది లక్షలు! చివరికి ఎన్ని? ఎక్కువలో ఎక్కువ ఉన్నప్పుడు కూడా 500 దాటలేదు.

ఖరీదు ఒక కారణం, నిజమే. "నేను కొంటే సరా, అవతలివాడి దగ్గర కూడా ఉండాలి కదా" అనేది రెండో కారణం. మూడో కారణం అసలైంది. చాలామందికి ఫోన్‌లో తమ మొహం కనపడటం అక్కర్లేదనిపించింది. ఫోన్ మోగితే తల దువ్వుకోవాలా? టేబుల్ సర్దుకోవాలా? మాట చెబితే తేలిపోయే పనికి మొహం ఎందుకు?

సరదా విషయం ఏంటంటే, ఆ 1970 మెషీన్‌లోనే మన బొమ్మ మనకి కనపడేలా ఒక బటన్ ఉండేది. టేబుల్ మీదున్న కాగితాన్ని అవతలివాళ్లకి చూపించే ఏర్పాటు కూడా ఉండేది. సెల్ఫ్ వ్యూ, స్క్రీన్ షేర్ రెండూ యాభై ఏళ్ల క్రితమే ఉన్నాయన్నమాట. ఇంజనీర్లు మెషీన్ బాగానే కట్టారు. కానీ "దీంతో ఏ పని అవుతుంది?" అనే ప్రశ్నకి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు.

అదే టైమ్‌లో ఇంకో దారి

ఇప్పుడు రెండేళ్లు వెనక్కి, 1968 డిసెంబర్ 9కి వెళ్దాం. శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీర్ స్టేజీ ఎక్కాడు. మనం వాడే కంప్యూటర్ మౌస్‌ని జనానికి చూపించింది ఆ రోజే. కానీ ఆ డెమోలో ఇంకో అద్భుతం ఉంది. దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, మెన్లో పార్క్‌లో ఉన్న తన టీమ్ సభ్యుడితో లైవ్‌లో మాట్లాడుతూ, ఇద్దరూ స్క్రీన్ మీద ఒకే ఫైల్‌ని చూస్తూ పనిచేశారు. అవతలి మనిషి మొహం స్క్రీన్‌లో ఒక మూలన చిన్నగా ఉంది. పని మాత్రం మధ్యలో పెద్దగా ఉంది.

తేడా గమనించారా? పిక్చర్‌ఫోన్ వాళ్లు మొహాన్ని మధ్యలో పెట్టారు. ఎంగెల్‌బార్ట్ పనిని మధ్యలో పెట్టాడు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

1970ల్లోనే తేలిన సంగతి

పిక్చర్‌ఫోన్ తడబడుతున్న రోజుల్లోనే కొందరు పరిశోధకులు "అసలు వీడియో వల్ల లాభం ఎంత?" అని కొలిచి చూశారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో అల్ఫాన్స్ చాపానిస్ టీమ్ ఇద్దరిద్దరికి ఒక పని ఇచ్చింది. ఒకరి దగ్గర సమస్య, ఇంకొకరి దగ్గర దానికి కావాల్సిన సమాచారం. కొందరు రాసుకుంటూ, కొందరు మాట్లాడుకుంటూ, కొందరు చూసుకుంటూ మాట్లాడుకుంటూ పని పూర్తి చేయాలి. ఫలితం ఏంటంటే, రాత కంటే మాటతో పని చాలా వేగంగా అయింది. మాటకి బొమ్మ కలిపితే మాత్రం పెద్దగా తేడా రాలేదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఇంకో బృందం ఇలాంటి ప్రయోగాలే చేసింది. షార్ట్, విలియమ్స్, క్రిస్టీ అనే ముగ్గురు 1976లో వాటి మీద పుస్తకం రాశారు. వాళ్లు తేల్చింది ఇది. సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి, కలిసి ఒక సమస్యని పరిష్కరించడానికి మాట ఒక్కటి ఉన్నా దాదాపు సరిపోతుంది. కానీ బేరాలు, గొడవలు, కొత్త మనిషిని అంచనా వేయడం లాంటివి వచ్చినప్పుడు ఏ మాధ్యమంలో మాట్లాడుతున్నామనేది తేడా చూపిస్తుంది.

అంటే చూడండి, జూమ్ పుట్టడానికి 35 ఏళ్ల ముందే జవాబు దొరికింది. "కెమెరా ఆన్ చేయాలా వద్దా?" అని అడిగే ముందు "ఈ మీటింగ్ ఏ రకం?" అని అడగాలి.

మన దగ్గర ఏం జరిగింది?

మన తెలుగు నేలకి కూడా ఈ కథలో చోటుంది. 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలుపుతూ ఒక నెట్‌వర్క్ వేశారు. దాని పేరు ఏపీస్వాన్. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జిల్లా కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు పెట్టేవారు. "సీఎం వీడియో కాన్ఫరెన్స్" అనే మాట పేపర్లలో మామూలైపోయింది. మన ఇళ్లలో ఇంటర్నెట్ కూడా సరిగా లేని రోజులవి.

రెండోది చిత్తూరు జిల్లా అరగొండ. అపోలో హాస్పిటల్స్ వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి గారి సొంతూరు. అక్కడి ఆసుపత్రిని శాటిలైట్ లింక్ ద్వారా పెద్ద ఆసుపత్రి డాక్టర్లతో కలిపారు. 2000 మార్చిలో హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దాన్ని ప్రారంభించారు.

అరగొండ ఎందుకు చెబుతున్నానంటే, వీడియో మీటింగ్ సరిగ్గా ఎక్కడ పనికొస్తుందో అది చూపిస్తుంది. ఒక పేషెంట్ ఉన్నాడు. ఎక్స్‌రేలు, రిపోర్టులు ఉన్నాయి, అంటే నిజంగా చూడాల్సింది ఉంది. ఇటు ఒక డాక్టర్, అటు ఇంకో డాక్టర్. ఒక ప్రశ్న: ఏం చేద్దాం? కాల్ అయ్యేసరికి జవాబు ఉండాలి, ఎందుకంటే అక్కడ పేషెంట్ ఎదురుచూస్తున్నాడు. మీ ఆఫీసులో ఎన్ని మీటింగులకి ఇంత క్లారిటీ ఉంది? ఒక్కసారి ఆలోచించండి.

2003లో సుప్రీంకోర్టు కూడా మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కేసులో, విదేశంలో ఉన్న డాక్టర్ సాక్ష్యాన్ని వీడియో కాన్ఫరెన్స్ ద్వారా తీసుకోవచ్చని చెప్పింది. అంటే చట్టం దృష్టిలో కూడా తెర మీద కనపడే మనిషి "హాజరైనట్టే" అని తేలింది.

ఫ్రీ అయిపోయాక

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1992లో కార్నెల్ యూనివర్సిటీలో సీయూ-సీమీ అనే ప్రోగ్రామ్ వచ్చింది. మామూలు కంప్యూటర్‌తో ఇంటర్నెట్‌లో వీడియో. 2003లో స్కైప్, 2006 నాటికి అందులో వీడియో. విదేశాల్లో ఉన్న కొడుకుల్ని, కూతుళ్లని మన అమ్మానాన్నలు తెర మీద చూసుకున్నది చాలామంది ఇళ్లలో స్కైప్‌లోనే. ఆ స్కైప్ 2025 మేలో మూతపడింది.

2011లో ఎరిక్ యువాన్ సిస్కో నుంచి బయటికొచ్చి జూమ్ పెట్టారు. చైనా నుంచి అమెరికా వెళ్లడానికి ఆయనకి ఎనిమిది సార్లు వీసా తిరస్కరించారు, తొమ్మిదోసారి వచ్చింది. వీసా స్టాంపింగ్ కోసం ఎదురుచూసే మనవాళ్లకి ఈ కథ బాగా అర్థమవుతుంది. ఇక 2017లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ వచ్చింది. అప్పటికి ఆ కంపెనీ సీఈవో మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల.

2019 డిసెంబర్‌లో జూమ్ మీటింగుల్లో రోజుకి కోటి మంది పాల్గొనేవారు. 2020 ఏప్రిల్‌కి ఆ లెక్క 30 కోట్లు అయింది. నాలుగు నెలల్లో ముప్పై రెట్లు!

ఇక్కడ ఒక మార్పు మనకి తెలియకుండానే జరిగింది. 1964లో మూడు నిమిషాలకి 16 డాలర్లు పెట్టేవాడు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని వెళ్లి ఉంటాడు కదా. ఇప్పుడు లింక్ ఫ్రీ. అందుకే ఏమీ రాసుకోకుండా పదిమందిని పిలిచేస్తున్నాం. కానీ పదిమంది గంటసేపు కూర్చుంటే అది పది గంటల పని. బిల్లు రాలేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటున్నాం, అంతే.

అలసట నిజమే, మీ బద్ధకం కాదు

"కూర్చుని మాట్లాడటానికి అలసటేంటి?" అని ఇంట్లో అడుగుతారు. 2021లో స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ దీనికి నాలుగు కారణాలు చెప్పారు. ఒకటి, ఇన్ని మొహాలు అంత దగ్గరగా, అంతసేపు మనవైపే చూస్తున్నట్టు ఉండటం. రెండు, సైగలు అర్థం చేసుకోవడానికి, మనం వింటున్నామని చూపించడానికి ఎక్కువ కష్టపడాల్సి రావడం. మూడు, మన మొహం మనమే గంటల తరబడి చూసుకోవడం. నాలుగు, కెమెరా ఫ్రేమ్‌లోంచి కదలలేకపోవడం.

అదే ఏడాది ఇంకో అధ్యయనం వచ్చింది. 103 మంది ఉద్యోగుల్ని నాలుగు వారాల పాటు గమనించారు. కెమెరా ఆన్‌లో ఉన్న రోజుల్లో అలసట పెరిగింది. ఆ అలసట మహిళల్లో, కంపెనీలో కొత్తగా చేరినవాళ్లలో ఇంకా ఎక్కువ. అలసిన రోజు మీటింగ్‌లో నోరు విప్పడం కూడా తగ్గింది. "కెమెరా ఆన్ చేస్తేనే శ్రద్ధగా ఉన్నట్టు" అనే మేనేజర్లు ఇది తెలుసుకోవాలి.

ఇంకో చిన్న సంగతి ఉంది. ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు ఒకరు ఆపిన తర్వాత ఇంకొకరు అందుకోవడానికి పట్టే టైమ్ సగటున సెకనులో ఐదో వంతు. పది భాషల్లో కొలిచి చూశారు. నెట్ స్లోగా ఉంటే ఆ లయ పాడవుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ "సారీ, మీరు చెప్పండి" అంటారు. ఇలాంటప్పుడు గట్టిగా మాట్లాడేవాళ్లదే రాజ్యం. మొదటి ఉద్యోగంలో ఉండి, ఇంగ్లిష్‌లో వాక్యం మనసులో కూర్చుకుంటున్న మన పిల్లకి వంతు రాదు. పని చేసింది ఆమె, మీటింగ్‌లో వినపడింది ఇంకొకరి గొంతు. అప్రైజల్ టైమ్‌లో గుర్తుండేది వినపడ్డ గొంతే. అందుకే ఇది మర్యాద సమస్యతో ఆగిపోదు, జీతం దాకా వెళుతుంది.

మీటింగ్ చెడగొట్టడం ఎలా? 1944 గైడ్

సీఐఏకి ముందు అమెరికాలో ఓఎస్ఎస్ అనే గూఢచార సంస్థ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, శత్రువుల చేతిలో ఉన్న దేశాల్లో మామూలు జనం పనులు ఎలా పాడుచేయాలో ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో ఆఫీసు మీటింగుల గురించి కూడా ఉంది. పొడుగ్గా ఉపన్యాసాలివ్వండి. సంబంధం లేని విషయాలు తీసుకురండి. కమిటీని ఎంత పెద్దది చేయగలిగితే అంత పెద్దది చేయండి. పోయిన మీటింగ్‌లో తేలిపోయినదాన్ని మళ్లీ తవ్వండి. ముఖ్యమైన పని ఉన్నప్పుడే మీటింగ్ పెట్టండి.

నవ్వొస్తోంది కదా? మన సోమవారం ఉదయం మీటింగ్‌ని ఎవరో పక్కనుండి చూసి రాసినట్టుంది. కాకపోతే వాళ్లు కావాలని చేశారు, మనం అలవాటుగా చేస్తున్నాం.

మరి మనం ఏం చేయాలి?

ఒకటి. ఇన్వైట్ పంపే ముందు "ఈ కాల్ అయ్యేసరికి మనం ఏది తేల్చాలి?" అని ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే మీటింగ్ వద్దు. సమాచారం చెప్పడానికే అయితే మెసేజ్ చాలు. అరగొండ డాక్టర్ల ప్రశ్న గుర్తుంచుకోండి.

రెండు. పనిని మధ్యలో పెట్టండి. ఎంగెల్‌బార్ట్ చేసింది అదే. అందరికీ ఒకే డాక్యుమెంట్ తెరిచి పెట్టండి. అమెజాన్‌లో 2004 నుంచి పెద్ద మీటింగుల్లో స్లైడ్లు తీసేసి, మొదట అందరూ నిశ్శబ్దంగా నోట్ చదివే పద్ధతి పెట్టారు. "ముందే చదివి రండి" అంటే ఎవరూ చదవరు, అందుకే అక్కడే చదివించడం.

మూడు. కెమెరాకి ఒక లెక్క పెట్టుకోండి. కొత్తవాళ్లు చేరినప్పుడు, గొడవ తేల్చాల్సినప్పుడు, బేరం ఉన్నప్పుడు ఆన్ చేయండి. రోజువారీ స్టేటస్‌కి ఎవరిష్టం వాళ్లది. ఆన్ చేసినా మీ సెల్ఫ్ వ్యూ దాచేయండి. ఆ ఆప్షన్ చాలా యాప్‌లలో ఉంది.

నాలుగు. వంతు పెట్టండి. "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటే నిశ్శబ్దమే వస్తుంది. పేరు పెట్టి పిలవండి, జూనియర్ల నుంచి మొదలుపెట్టండి. బాస్ అభిప్రాయం ముందే చెప్పేస్తే మిగతావాళ్లు తలూపడం తప్ప ఏం చేస్తారు?

ఐదు. 30 నిమిషాలకి బదులు 25, గంటకి బదులు 50 పెట్టండి. 2021లో మైక్రోసాఫ్ట్ వాళ్లు 14 మంది మెదడు తరంగాలు కొలిచి చూశారు. వరసగా మీటింగులుంటే ఒత్తిడి పెరుగుతూ పోయింది, మధ్యలో పది నిమిషాలు విరామం ఇస్తే పెరగలేదు. చిన్న ప్రయోగమే, కానీ మన అనుభవం కూడా అదే చెబుతుంది.

ఆరు. రాత్రుల్ని పంచుకోండి. సియాటెల్‌లో ఉదయం 9 అంటే హైదరాబాద్‌లో ఎండాకాలం రాత్రి 9:30. నవంబర్‌లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే మనకి 10:30. వాళ్ల టైమ్ మారదు, మన భోజనం మారుతుంది. ఒక నెల మనం రాత్రి కూర్చుంటే, ఇంకో నెల వాళ్లు కూర్చోవాలి. అడిగితే ఒప్పుకునే టీమ్‌లు ఉన్నాయి. అడగకపోతే మాత్రం ఎవరూ మార్చరు.

ఏడు. చివరి రెండు నిమిషాలు అమ్ముకోకండి. ఎవరు, ఏ పని, ఎప్పటికి అని మూడు ముక్కలు చాట్‌లో రాశాకే లీవ్ బటన్ నొక్కాలి. తేలిపోయినదాన్ని మళ్లీ తవ్వేవాళ్లకి అదే మందు.

"అన్నా, మీటింగ్ పెట్టేది నేను కాదు, నేను ఫ్రెషర్‌ని" అంటారా? ఫ్రెషర్ కూడా ఒక పని చేయొచ్చు. ముందురోజు లీడ్‌కి మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "సర్, రేపు ఏం డిసైడ్ చేయాలో చెబితే ప్రిపేర్ అయి వస్తాను." ఇందులో ఎదిరింపు లేదు. కానీ ఆ ఒక్క మెసేజ్‌తో అవతలి మనిషి కూడా ఆలోచించాల్సి వస్తుంది. ఆలోచిస్తే, కొన్నిసార్లు మీటింగే క్యాన్సిల్ అవుతుంది. అది కూడా విజయమే.

పిక్చర్‌ఫోన్ వాళ్ల దగ్గర డబ్బుంది, తెలివైన ఇంజనీర్లున్నారు, పనిచేసే మెషీన్ ఉంది. లేనిది ఒక్కటే: "ఇది ఎందుకు?" అనే ప్రశ్నకి జవాబు. వాళ్ల కంటే వెయ్యి రెట్లు మంచి మెషీన్ ఇప్పుడు మన జేబులో ఉంది. ఆ ప్రశ్న మాత్రం ఇంకా మనం అడగాల్సిందే. ఈ వారం ఈ ఏడింటిలో ఒక్కటి పట్టుకోండి, మీ టీమ్‌లో ట్రై చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.